ఇంటి చరిత్ర, ఊరి చరిత్ర వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముత్తాత పేరు తెలియనివాళ్లు, ఊళ్లోని బురుజు ఎవరు కట్టించారో తెలియనివాళ్లు, అమ్మమ్మ చెప్పే కథల్లో నిజమెంతో తేల్చుకోవాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలివి. జవాబులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఆఫీసుల్లో ఉన్న పాత కాగితాల్లో చాలా భాగం శిస్తు వసూలు కోసమో, తగాదా తీర్చడం కోసమో పుట్టినవే. మీవాళ్లు వాటిలో ఎందుకున్నారో, ఎందుకు లేరో చెప్పగలిగేది ఇంట్లో పెద్దవాళ్లు. అందుకే కాగితాన్ని, జ్ఞాపకాన్ని పక్కపక్కన పెట్టి చదవమని ఈ జవాబుల్లో పదేపదే చెబుతాను.

ముందు ఆర్కైవ్స్‌కు వెళ్లాలా, పెద్దవాళ్లను అడగాలా?

పెద్దవాళ్లను. పాత ప్రభుత్వ రికార్డులు భద్రపరిచే ఆర్కైవ్స్‌లోని కాగితం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. తొంభై ఏళ్ల మనిషి విషయంలో ఆ భరోసా లేదు. పైగా ప్రభుత్వ రికార్డులను జిల్లా, తాలూకా, గ్రామం, సర్వే నంబరు వారీగా పేర్చి ఉంచుతారు. ఊరి పేరు, మనుషుల పేర్లు చేతిలో లేకుండా వెళ్తే ఏ కట్ట అడగాలో కూడా తెలియదు. "మన చేను చెరువు కింద, చాకలి మాన్యానికి ఆనుకుని ఉండేది" అని పెద్దమ్మ ఒక్క మాట చెప్పిందంటే గ్రామ పటంలో ఆ చోటు వెతుక్కోవచ్చు.

ఒక నోట్‌బుక్ తీసుకుని మీ నుంచి పైకి తెలిసినంత వరకు రాయండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, చేసిన పని, పోయిన ఏడాది. తద్దినాలు పెట్టే ఇళ్లలో మూడు తరాల పేర్లు సులువుగా దొరుకుతాయి. తర్పణాల్లో తండ్రి, తాత, ముత్తాతలతో పాటు తల్లి, నాయనమ్మ, ఆమె అత్తగారి పేర్లూ, తల్లి వైపు తాతల పేర్లూ చెబుతారు. మహాలయ పక్షంలో అయితే మేనత్తలు, మేనమామలు, అత్తమామల దాకా వస్తారు. ఆ పేర్లు రాసుకున్న పాత కాగితం ఇంట్లోనో, పురోహితుల దగ్గరో ఉంటుంది. పెళ్లిలో ప్రవర చెప్పేటప్పుడు కూడా రెండు వైపులా మూడు తరాలు వినిపిస్తాయి కాబట్టి పాత పెళ్లి వీడియో ఉంటే ఆ భాగం మళ్లీ చూడండి.

మా నాయనమ్మకు సంవత్సరాలు గుర్తుండవు. కాలం ఎలా తేల్చాలి?

సంవత్సరం అడగడం మానేసి, అప్పుడు ఇంకా ఏం జరిగిందో అడగండి. అణాలు పోయి నయా పైసలు రాకముందా, వచ్చాకా? నయా పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. హైదరాబాద్ సంస్థానంలో పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. గోదావరి జిల్లాలవాళ్లకు 1953, 1986 వరదలు గీత గీసినట్టు గుర్తుంటాయి. దివిసీమ, బాపట్ల వైపు 1977 నవంబరు 19 ఉప్పెనకు ముందూ తర్వాతా అనే లెక్క ఇప్పటికీ నడుస్తోంది. 1980 ఫిబ్రవరి 16న పట్టపగలు చీకటి పడిన సంపూర్ణ సూర్యగ్రహణం కూడా మంచి గుర్తు. అప్పటికి పెద్దబ్బాయి చంకలో ఉన్నాడా, బడికి వెళ్తున్నాడా అని అడిగితే లెక్క తేలుతుంది.

తెలుగు సంవత్సరం పేరు చెబితే జాగ్రత్త. అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. రాయలసీమలో ఒక ముసలాయన "ధాత కరువులో మావాళ్లు ఈ ఊరొచ్చారు" అన్నాడనుకుందాం. ధాత 1876–77లో వచ్చింది, మళ్లీ 1936–37లో, 1996–97లో వచ్చింది. వచ్చింది తన తాత అని ఆయన చెబితే 1876–78 నాటి మహా క్షామమని తీసుకోవచ్చు. తనే ధాతలో పుట్టానంటే అది 1936. రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి వినిపిస్తాయి, అందుకే ఎవరి తరం, ఎవరి వయసు అని విడివిడిగా అడగాలి. గుంటూరు సీమలో నందన కరువు అంటే 1832–33. ఈనాటి మనుషుల్లో అది చూసినవారి మనవలు కూడా ఉండడం దాదాపు అసాధ్యం. వినికిడి మీద మిగిలిన మాట అది.

రెవెన్యూ కాగితాల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఫసలీ 1344 అంటే 1934–35. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది మొదలయ్యే నెల వేరు కాబట్టి అక్కడ ఒక ఏడాది అటూ ఇటూ అవుతుందని గుర్తుంచుకోండి.

బడి రికార్డులో పుట్టిన తేదీని ఒక్కదాన్నే నమ్మకండి. చేర్పించేటప్పుడు తేదీ తెలియని పిల్లలకు హెడ్మాస్టరు జూన్ 1 అనో జూలై 1 అనో వేయడం మామూలు. ఒక తరగతిలో సగం మంది ఒకే రోజు పుట్టినట్టు కనిపిస్తే కారణం అదే.

ఏం అడగాలి? ఎలా రికార్డు చేయాలి?

"మీ జీవితం గురించి చెప్పండి" అంటే ఎవరూ చెప్పలేరు. "ఏముంది చెప్పడానికి, కష్టపడ్డాం, పిల్లల్ని పెంచాం" అని ఊరుకుంటారు. చేతికి తగిలే వస్తువు నుంచి మొదలుపెట్టండి. అత్తగారింట్లో పొయ్యి ఎటు వైపు ఉండేది, దాని దగ్గర ఎవరు కూర్చునేవారు? తిరగలి ఎవరు తిప్పేవారు? వరి అన్నం ఎన్నాళ్లకొకసారి? మిగతా రోజుల్లో ఏమిటి: సంగటా, గటకా, అంబలా? కాన్పు ఎక్కడ అయింది, మంత్రసాని ఎవరు, ఆమెకు ఏం ఇచ్చారు? నీళ్లు ఏ బావి నుంచి, ఆ బావి దగ్గరకు ఎవరిని రానిచ్చేవారు కాదు? సంతకు ఏ దారిన నడిచారు? ఇలా అడిగితే పావుగంటలో మనిషి ఆ వాకిట్లోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మీరు చేయాల్సింది వినడమే.

ఊళ్లో పెళ్లి కుదిరిన తీరు, పొలం భాగాలు పంచుకున్న రోజు, ఇల్లు కట్టిన ఏడాది అడిగితే పేర్లు వరసగా బయటికి వస్తాయి. పాత ఫోటో చేతికిచ్చి "వీళ్లెవరు?" అని అడగడం నాకు తెలిసిన అన్ని పద్ధతుల్లోకీ మంచిది. ఫోటోలో లేనివాళ్ల గురించి కూడా అడగండి. ఆ రోజు అక్కడ ఉండి కూడా ఫోటోలోకి రానివాళ్లెవరో, ఎందుకు రాలేదో చెబుతారు.

పరికరాల విషయం తేలిక. మీ ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడత పెట్టిన తువ్వాలు మీద, మాట్లాడేవారికి రెండడుగుల లోపు ఉంచండి. ఫ్యాను, టీవీ ఆపించండి. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, మీ పేరు మీ గొంతుతో చెప్పండి. గంట దాటితే ఆపి ఇంకో రోజు వెళ్లండి. మధ్యలో తప్పు దిద్దకండి, వాక్యం మీరు పూర్తి చేయకండి. మౌనం వస్తే అలాగే ఉండనివ్వండి, ఎక్కువసార్లు ఆ మౌనం తర్వాతే అసలు విషయం వస్తుంది.

వీలైతే ఒక్కొక్కరినే కూర్చోబెట్టండి. భర్త ముందు భార్య, అత్త ముందు కోడలు, పెదకాపు ముందు పాలేరు ఒకలా మాట్లాడతారు, ఒంటరిగా ఇంకోలా మాట్లాడతారు. ఆ తర్వాత అక్కచెల్లెళ్లను కలిపి కూర్చోబెడితే ఒకరి మాట ఒకరు దిద్దుకుంటూ కొత్త సంగతులు చెబుతారు. అది కూడా రికార్డు చేయండి.

రాతలో పెట్టేటప్పుడు వారి యాసను పుస్తక భాషలోకి మార్చకండి. శ్రీకాకుళం మాట శ్రీకాకుళం మాటలాగే, పాలమూరు మాట పాలమూరు మాటలాగే ఉండాలి. మొత్తం రాయడానికి ఓపిక లేకపోతే ఏ నిమిషంలో ఏ సంగతి ఉందో ఒక పేజీ పట్టిక రాసినా ఎంతో ఉపయోగం.

మా ఊరి రికార్డులు ఏ ఆఫీసులో ఉంటాయి?

మీ ఊరు అప్పట్లో ఎవరి పాలనలో ఉండేదో ముందు తేల్చుకోండి. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆ కాలపు కలెక్టర్ల ఉత్తరాలు, రెవెన్యూ బోర్డు ఫైళ్లు, సెటిల్మెంట్ రికార్డుల్లో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. తెలంగాణ జిల్లాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడ షాజహాన్, ఔరంగజేబు కాలపు పర్షియన్ కాగితాల నుంచి అసఫ్‌జాహీల ఫైళ్ల దాకా ఉన్నాయి.

జిల్లాల సరిహద్దులు మారుతూ వచ్చాయి కాబట్టి చాలామంది తప్పు కట్టలు తిరగేసి నిరాశపడతారు. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉండేది. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే ఉన్నా అది కృష్ణా జిల్లా కిందికి వచ్చేది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లా. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయింది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, చిత్తూరు 1911లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో. 1890లో ఒంగోలు దగ్గరి ఊరి కోసం వెతికేవారు నెల్లూరు జిల్లా కాగితాలు అడగాలి. నేటి కొత్త జిల్లాల పేర్లతో పాత కట్టలు దొరకవు.

పొలం కాగితాలకు ముందుగా తహసీల్దారు ఆఫీసు. ఆంధ్ర వైపు అడంగల్ (సాగు లెక్క), 1బి (పట్టాదారు ఖాతా) అందరికీ తెలిసినవే. వెనక్కి వెళ్లాలంటే ఆర్‌.ఎస్‌.ఆర్‌., అంతకు ముందరి డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన) రిజిస్టరు అడగండి. రెండూ సర్వే నంబరు వారీగా భూమి వివరం రాసిన పుస్తకాలు. తెలంగాణలో సేత్వార్ మొదటి రికార్డు, ఆ తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ, చెస్సాల పహాణీ. పహాణీ అంటే ఏ సర్వే నంబరుకు ఎవరు పట్టాదారో, ఎవరు సాగు చేస్తున్నారో రాసే పుస్తకం. 1950 కౌలు చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాను మరవకండి. పట్టా లేకుండా దున్నినవాళ్ల పేర్లు దొరికే అరుదైన చోటు అది. అమ్మకాలు, తనఖాలు, భాగ పంపకాల దస్తావేజులు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఉంటాయి. 1983 తర్వాతివి కంప్యూటర్లో తేలిగ్గా దొరుకుతాయి, ముందువాటికి పాత పుస్తకాలు వెతికించాలి. నకలు ఇవ్వడానికి తాత్సారం జరిగితే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు.

1984లో ప్రభుత్వం కరణాలు, పటేల్, పట్వారీల వంశపారంపర్య ఉద్యోగాలను రద్దు చేసింది. వాళ్ల దగ్గరి పుస్తకాలను అప్పగించమన్నా, అటకల మీద మిగిలిపోయినవీ ఉన్నాయి. ఆ ఇళ్లవారిని మర్యాదగా అడగండి. "చూసి ఇచ్చేస్తాం" అనడం కంటే "మీ ముందే ఫోటో తీసుకుంటాం" అంటే ఒప్పుకుంటారు.

పాత రాత చదవలేకపోతున్నాను. ఏం చేయాలి?

కరణాల గొలుసుకట్టు రాతలో అక్షరాలన్నీ కలిసిపోయి ఉంటాయి. మొదట మీకు ముందే తెలిసిన మాటలు వెతకండి: ఊరి పేరు, ఇంటిపేర్లు, నెలల పేర్లు. వాటిలోని అక్షరాల మలుపులు పట్టుబడితే మిగతాది మెల్లగా విప్పుకోవచ్చు. రిటైరైన రెవెన్యూ ఉద్యోగులు, దస్తావేజు లేఖరులు చాలా సాయం చేయగలరు. తెలంగాణలో 1950ల ముందరి కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, అదీ షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. పాత ఉర్దూ మీడియంలో చదివిన పెద్దలు మీ ఊళ్లోనో పక్క పట్టణంలోనో ఇంకా ఉన్నారు. కాగితం చదివించుకుంటూ వాళ్ల జ్ఞాపకాలు కూడా రికార్డు చేసుకోండి.

మాకు భూమి లేదు. మా పెద్దలు కూలీలు. రికార్డుల్లో ఉంటారా?

ఉంటారు, కానీ వేరే చోట. ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది ముందే ఆశ వదులుకుని వస్తారు. వదులుకోవద్దు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడింది. ఊరూరా మాన్యాలను (సేవకో, దానంగానో ఇచ్చిన భూములను) విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. అగ్రహారాలు, దేవుడి మాన్యాలు మాత్రమే అందులో ఉన్నాయనుకుంటారు. అదే పుస్తకంలో చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వెట్టి, తలారి మాన్యాలూ ఉన్నాయి. ఒక నమోదులో ఏముంటుందో చూడండి: మాన్యం విస్తీర్ణం, ఏ పని చేసినందుకు ఇచ్చారు, ఎవరిచ్చారు, మొదట పొందినవారెవరు, ఇప్పుడు అనుభవిస్తున్నవారి పేరు, వయసు, మొదట పుచ్చుకున్నవారితో చుట్టరికం. 1860ల నాటికి నలభై ఏళ్ల వయసున్న ఒక గ్రామ సేవకుడి పేరు, అతని పెద్దల పేరు ఇలా ప్రభుత్వ పుస్తకంలో మిగిలాయి. జమీందారీ గ్రామాల్లో రికార్డు వేరేగా ఉంటుంది. అక్కడ 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వే, సెటిల్మెంట్ కాగితాలు చూడాలి.

చర్చి రిజిస్టర్లు మరో నిధి. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో, లూథరన్లు గుంటూరు, రాజమండ్రి వైపు, లండన్ మిషనరీ సొసైటీ కడపలో, చర్చి మిషనరీ సొసైటీ మచిలీపట్నంలో పనిచేశాయి. 1878 జూలై 3న ఒక్క రోజే ఒంగోలు మిషన్‌లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏళ్ల కరువు కాలంలో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనికి వచ్చినవారు వారిలో ఎందరో. బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లలో పాత పేరు, కొత్త పేరు, ఊరు, తల్లిదండ్రుల పేర్లు దొరకవచ్చు. ముస్లిం కుటుంబాలకు ఖాజీల దగ్గరి నిఖా రిజిస్టర్లు అలాంటివే. బడి అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, వృత్తి, కులం, నివాసం ఉంటాయి. ఊరి ప్రాథమిక పాఠశాల వందేళ్ల పాతదైతే హెడ్మాస్టరు గారి బీరువా అడగండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది వాడల్లో మిగిలిన మాట. ఏ చేను ఎవరి చెమటతో మాగాణి అయిందో, ఏ చెరువు కట్ట తెగితే ఎవరు రాత్రంతా నిలబడి పూడ్చారో ఏ పహాణీ గడిలోనూ ఉండదు.

ఆడవాళ్ల వైపు చరిత్ర ఎందుకు దొరకదు?

రికార్డు రాసినవాళ్లు అడగలేదు కాబట్టి. 1951–52 మొదటి సాధారణ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారుచేసినప్పుడు దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని మాత్రమే చెప్పారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. ఆ పేర్లను జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది. మన దగ్గర అంత కాకపోయినా, పొలం కాగితాల్లో అమ్మమ్మలు కనిపించేది భర్త పోయాకే.

వెతకాల్సిన చోట్లు ఉన్నాయి. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిచ్చిన భూమి దస్తావేజులో ఆమె పేరు, పుట్టింటి వివరం రెండూ ఉంటాయి. కోర్టు తగాదాల్లో మనోవర్తి దావాలు, దత్తత దావాలు చూడండి. కంచు, ఇత్తడి సామాను మీద చెక్కించిన పేర్లు చదవండి. పుట్టింటివారు పెట్టిన బిందె మీద తండ్రి పేరూ, ఒక్కోసారి ఏడాదీ ఉంటాయి. ఈ చిన్న ఆధారాన్ని చాలామంది పాత సామానువాడికి తూకానికి వేసేస్తున్నారు, దయచేసి ముందు ఫోటో తీయండి.

జ్ఞాపకాల విషయంలో మనకు మంచి దారి వేసినవారున్నారు. 1980లలో హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల దగ్గరకు వెళ్లి వారి మాటలను వారి మాటల్లోనే రికార్డు చేశారు. అప్పటిదాకా రాసిన చరిత్రల్లో కొరియర్లుగా, వంట చేసినవారిగా మిగిలిపోయినవారు తమ కథ తాము చెప్పుకున్నారు. అప్పుడు ఆ పని జరగకపోయి ఉంటే, ఈ రోజు అడుగుదామన్నా వారిలో దాదాపు ఎవరూ మిగిలి లేరు.

జనాభా లెక్కల్లో మా తాత పేరు దొరుకుతుందా?

దొరకదు. మన దేశంలో ఇంటింటి జనగణన పత్రాలు చట్టం ప్రకారం గోప్యం, అందరికీ తెరిచి ఉంచరు. బ్రిటన్, అమెరికాల్లోలా వెతకడం కుదరదు. అయితే ఊరి గురించి తెలుసుకోవడానికి 1951 నుంచి వచ్చిన జిల్లా జనగణన పుస్తకాలు పనికొస్తాయి. 1961 జనగణనతో పాటు ఎంపిక చేసిన కొన్ని గ్రామాల మీద ప్రత్యేక సర్వే పుస్తకాలు వేశారు. మీ ఊరు వాటిలో ఉంటే ఇళ్ల నమూనాల నుంచి పండుగల దాకా అన్నీ దొరుకుతాయి.

కైఫియత్తులంటే ఏమిటి? మా ఊరిది ఉంటుందా?

సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ దగ్గర ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి పనిచేశారు. వాళ్లూ, వాళ్లలాంటి సహాయకులూ ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, పెద్దలను అడిగి రాయించిన గ్రామ వృత్తాంతాలే కైఫియత్తులు. మెకంజీ 1821లో చనిపోయాక వాటిలో చాలా భాగానికి సి.పి. బ్రౌన్ శుభ్రమైన ప్రతులు రాయించాడు. అవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం అచ్చువేసింది.

కైఫియత్తును రెండు ముక్కలుగా చదవండి. మొదటి భాగంలో ఫలానా ఋషి తపస్సు, ఫలానా రాజుకు కలలో దేవుడు కనబడడం ఉంటాయి. అది ఊరు తన గురించి తాను చెప్పుకున్న కథ. తర్వాత చెరువులు, మాన్యాలు, గుత్తేదారులు, పాడుపడ్డ పల్లెల పేర్లు వస్తాయి. రాసిన కాలానికి దగ్గరి సంగతులు కాబట్టి ఇవి గట్టివి. ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్న సీమల్లో ఎక్కువగా, నిజాం ప్రాంతంలో తక్కువగా రాశారు. మీ ఊరిది లేకపోతే పక్క ఊళ్లవి చదవండి, ప్రస్తావన రావచ్చు.

వంశం చెప్పేవాళ్లను, కాశీ గయ పండాలను నమ్మవచ్చా?

అడగడం మాత్రం తప్పకుండా చేయాలి. కొన్ని కులాలకు గోత్రాలు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. రెడ్డి, కాపు ఇళ్లకు పిచ్చుకుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకి పడిగెలవారు, మాదిగలకు డక్కలివారు. పటం విప్పి కథ చెప్పేవారి సంఖ్య తగ్గిపోతోంది. వాళ్లు మీ ఊరికి వస్తే కట్నం ఇచ్చి, అనుమతి అడిగి, మొత్తం రికార్డు చేయండి. వారి పేరు కూడా రాయండి.

కాశీ, గయ, ప్రయాగ పండాల (తీర్థ పురోహితుల) దగ్గర యాత్రికుల పుస్తకాలు ఉన్నాయి. వచ్చినవారు ఊరు, పేరు, తమతో వచ్చినవారి పేర్లు సంతకంతో సహా రాసి వెళ్లేవారు. ముత్తాత చేతిరాత మిగిలిన ఒకే చోటు అదే కావచ్చు.

మా ఇంటిపేరు ఒక ఊరి పేరు. మా మూలం అక్కడేనా?

కావచ్చు. ఆ పేరుతో ఎన్ని ఊళ్లున్నాయో ముందు చూడండి, ఒకే పేరు నాలుగైదు జిల్లాల్లో ఉంటుంది. కులదైవం ఏ ఊళ్లో ఉందో, ఆడపడుచులను ఏ వైపు ఇచ్చేవారో కలిపి చూస్తే దిక్కు తెలుస్తుంది. మీ వంశం ఫలానా మహారాజు సేనాపతిదని అచ్చు పుస్తకంలో కనిపిస్తే ఆ పుస్తకం ఎప్పుడు వేశారో చూడండి. 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో కుల సంఘాలు ఏర్పడి కుల చరిత్రలు విరివిగా అచ్చువేశాయి. ఆ కాలపు ఆత్మగౌరవం వాటిలో ఉంది, దానికి విలువ ఉంది. వంశవృక్షానికి మాత్రం వేరే సాక్ష్యం కావాలి.

మా ఊరు ప్రాజెక్టులో మునిగిపోయింది. ఇప్పుడెలా?

శ్రీశైలం, నాగార్జునసాగర్, శ్రీరాంసాగర్, సోమశిల, ఇప్పుడు పోలవరం. ఈ ఊళ్లవారికి ఈ పని అందరికంటే అవసరం. నష్టపరిహారం కోసం భూసేకరణ అధికారులు తయారుచేసిన అవార్డు (పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వు) ఫైళ్లలో ఇంటింటి వివరం, చెట్ల లెక్క, బావుల లెక్క ఉంటాయి. ప్రభుత్వం గుళ్లను తరలించింది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురంలో మళ్లీ నిలబడింది. ఇళ్లు, బావులు, శ్మశానాలు నీళ్ల కిందే ఉన్నాయి. నలుగురు పెద్దలను కూర్చోబెట్టి పెద్ద తెల్లకాగితం మీద ఊరి పటం గీయించండి. ముందు బొడ్రాయి, తర్వాత చావడి, అక్కడి నుంచి వీధులు, ఒక్కో ఇంట్లో ఎవరుండేవారు. వాళ్లు గీస్తూ వాదించుకుంటారు. ఆ వాదన మొత్తం రికార్డు కావాలి.

మా పూర్వీకులు సముద్రం దాటి వెళ్లారట. లేదా మేమే బయటి దేశంలో ఉండి మూలాలు వెతుకుతున్నాం.

మారిషస్‌కు 1834 నుంచి, దక్షిణాఫ్రికా నాటాల్‌కు 1860 నుంచి ఒప్పంద కూలీలు వెళ్లారు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఫిజీకి మద్రాసు రేవు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఓడల జాబితాల్లో ప్రతి మనిషికీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చల వివరం ఉంటాయి. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. గుమస్తా చెవికి వినపడినట్టు పేర్లు రాశాడు కాబట్టి ఆ రాతను బయటికి చదివి తెలుగు చెవితో వినండి. ఊరి పేరు అప్పుడు తేలుతుంది. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల పాత సరిహద్దులు పైన చెప్పిన పద్ధతిలో సరిచూసుకోండి.

బర్మా సంగతి వేరు. అక్కడికి కూలి కోసం వెళ్లి రావడం గోదావరి, విశాఖ తీరంలో తరాల పాటు సాగింది. 1942లో జపాన్ దాడి చేసినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంప్ పేరుతో పేట ఉంది. ఆ నడక చిన్నప్పుడు నడిచినవారిలో ఈనాటికి ఉన్నవారు చాలా కొద్దిమంది. మీకు అలాంటి ఒక్కరు తెలిసినా ఈ వారమే వెళ్లండి.

మాట ఒకటి చెబుతోంది, కాగితం ఇంకొకటి చెబుతోంది. దేన్ని నమ్మాలి?

తొందరపడి ఒకదాన్ని కొట్టేయకండి. దస్తావేజులో "నా అవసరం కోసం, పూర్తి సొమ్ము ముట్టి, రాజీగా అమ్మాను" అని ఉంటుంది. ఇంట్లో "అప్పు కింద షావుకారు గుంజుకున్నాడు" అంటారు. రెండూ నిజమే కావచ్చు. దస్తావేజు లేఖరి ఎవరికైనా అదే వరస రాస్తాడు. సాక్షుల పేర్లు చూడండి, అంతకు ముందు ఏడాదుల్లో అదే పేరుతో తనఖా ఉందేమో వెతకండి. ఉంటే ఇంటి మాట బలపడుతుంది. పహాణీలో పట్టాదారు గడిలో ఒక పేరు, సాగు గడిలోనూ అదే పేరు ఉండి, ఊరంతా వేరేవాళ్లు దున్నేవారని చెబితే ఊరి మాట వైపే మొగ్గు చూపుతాను. ఆ గడి నింపినవాడు చేనుకు వెళ్లి చూసి రాశాడనే నమ్మకం లేదు.

జ్ఞాపకానికీ తన పోకడలున్నాయి. ఇద్దరు తాతల పనులు ఒక్క తాత ఖాతాలో పడతాయి. పక్క ఊళ్లో జరిగిన రజాకార్ల దాడి కొన్నేళ్లకు మన వీధిలో జరిగినట్టు అనిపిస్తుంది. అందుకే "మీరు చూశారా, విన్నారా, ఎవరి దగ్గర విన్నారు?" అని ప్రతిసారీ అడిగి పక్కన రాయండి. రెండు కథనాలు తేలకపోతే రెండూ ఉంచండి.

పాత ఊరి వార్తలు, పత్రికలు ఎక్కడ చదవవచ్చు?

వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి పాత పత్రికలను కాపాడుతోంది. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం చూడాల్సినవి. కృష్ణా పత్రిక, ఆంధ్ర పత్రిక, గోలకొండ పత్రికల్లో ఊరి సభలు, తగాదాలు, విరాళాలు ఇచ్చినవారి పేర్లు దొరుకుతాయి. ఏడాది, నెల ముందే తెలిసుంటే వెళ్లండి, లేకపోతే పేజీల్లో తప్పిపోతారు.

ఇంట్లో ఉన్న పాత కాగితాలు, ఫోటోలు ఎలా దాచాలి?

లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు. ఇనుప పిన్నులు మెల్లగా తీసేయండి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. అద్దానికి అతుక్కుపోయిన ఫోటోను ఊడదీయకుండా అలాగే తీయండి. వెనక పేర్లు పెన్సిలుతో రాయండి. రికార్డింగులు, ఫోటోలు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర. తాటాకు గ్రంథాలు ఉంటే వాటికి నూనె రాయడం, విప్పడం మీరే చేయకండి. లిఖిత ప్రతుల గ్రంథాలయం వారిని పిలవండి.

చెప్పకూడని విషయాలు బయటపడితే?

బయటపడతాయి. రెండో పెళ్లి, ఇల్లు వదిలిపోయిన కూతురు, కులం దాటిన సంబంధం, వెట్టి చేయించుకున్న తాత. రికార్డు చేసే ముందే ఎవరెవరు వింటారో స్పష్టంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోండి, ఆ మాట కూడా రికార్డులో ఉండాలి. తర్వాత మనసు మార్చుకుని తీసేయమంటే తీసేయండి. బతికి ఉన్నవారి ఆధార్, భూమి నంబర్లు, ఆరోగ్యం వంటివి నలుగురిలో పెట్టకండి. వేధింపులు, హత్యల గురించి మాట్లాడిన మనిషిని ఆ మాట దగ్గరే వదిలి లేచి రాకండి. కాసేపు కూర్చుని, టీ తాగి, వేరే కబుర్లు చెప్పి రండి, మర్నాడు ఫోను చేయండి.

మీ కుటుంబం ఇతరులకు చేసిన అన్యాయం కనిపిస్తే దాన్ని కత్తిరించవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ వైపువారి మనవలు కూడా తమ చరిత్ర వెతుక్కుంటున్నారు, మీ అటక మీది కాగితం వాళ్లకు ఒక్కటే ఆధారం కావచ్చు.

పని పూర్తయ్యాక ఎవరికి ఇవ్వాలి?

పూర్తయ్యేదాకా ఆగకండి. ఒక్కో రికార్డింగు అయిన వెంటనే నకలు ముందు మాట్లాడినవారి ఇంటికి ఇవ్వండి. ఊరి బడికో, శాఖా గ్రంథాలయానికో పేర్ల పట్టికతో సహా ఒక ప్రతి ఇవ్వండి. దగ్గరలోని విశ్వవిద్యాలయ చరిత్ర శాఖను అడిగితే తీసుకుంటారో లేదో చెబుతారు. ఇచ్చేటప్పుడు ఎవరు వినవచ్చు, ఎవరి పేర్లు దాచాలి, ఎన్నేళ్ల తర్వాత తెరవవచ్చు అని ఒక కాగితం మీద రాసి, మాట్లాడినవారి సంతకమో వేలిముద్రో తీసుకుని దానికి జతచేయండి.